‘మ’ బస్తాలు, ‘బ’ బస్తాలు

జీతం ఇచ్చి అన్నం పెట్టే ఉద్యోగాలు లోకంలో చాలా ఉన్నాయి. అన్నం తిన్నందుకే జీతం ఇచ్చే ఉద్యోగం నాది.

మిర్యాలగూడలో బియ్యం నాణ్యత పరీక్షించే ఒక ప్రైవేటు కంపెనీ బ్రాంచిలో చేరి, అక్కడే రిటైరయ్యాను. మా పని చెప్పడానికి తేలిక. మిల్లులో బియ్యం తయారవుతాయి. వాటిని దూరదేశంలో ఎవరో కొంటారు. కొనేవాడు ఇంత దూరం వచ్చి బస్తా విప్పి చూసుకోలేడు కాబట్టి అతని బదులు మేం చూస్తాం. ఒక ఇనుప గొట్టాన్ని బస్తాలోకి గుచ్చి గుప్పెడు గింజలు తీస్తాం. నూక ఎంత, తేమ ఎంత, రంగు మారిన గింజ ఎంత అని ల్యాబులో చూస్తాం. ఆ తర్వాత వండుతాం, తింటాం, సంతకం పెడతాం. ఆ సంతకం ఉంటేనే లారీ కాకినాడ పోర్టు వైపు కదులుతుంది.

నేను చదివింది కెమిస్ట్రీ. ఇంటర్వ్యూలో మాత్రం అన్నం వండడం వచ్చా అని అడిగారు. పెళ్లిచూపుల్లో మా అత్తగారు కూడా అదే అడిగారు. రెండు చోట్లా వచ్చనే చెప్పాను. ఉద్యోగంలో నిజంగానే నేర్చుకున్నాను.

ఈ మధ్య సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు నన్ను సదస్సుకు పిలిచారు. విషయం ‘ప్రపంచ నీతి, ఉమ్మడి మానవ బాధ్యత’. నన్నెందుకు పిలిచారో వాళ్లకూ సరిగ్గా తెలిసినట్టు లేదు. మా వీధిలోనే ఉండే ప్రిన్సిపాల్ గారి భార్య, నేను పొద్దున పూట కలిసి నడుస్తాం. ఆ ఒక్క అర్హతే నాకు కనిపించింది. వేదిక వెనక ఫ్లెక్సీ మీద ‘నీతి’ కాస్తా ‘నేతి’ అని పడింది. ప్రపంచ నేతి. అన్నం గురించి మాట్లాడబోతున్నాను కదా, పక్కన నెయ్యి ఉండడం మంచిదే అనుకున్నాను. ముఖ్య అతిథి గారు ఉపన్యాసంలో భూగోళమంతా తిరిగి వెనక్కి వచ్చేసరికి భోజనాల వేళ దాటింది. మైకు నా చేతికి వచ్చేటప్పటికి పిల్లల చేతుల్లోకి పళ్లేలు వచ్చేశాయి. ఆకలి మీద ఉన్నవాళ్లకు నీతి చెప్పకూడదు. అందరికీ నమస్కారం పెట్టి నేనూ పళ్లెం పట్టుకున్నాను.

ఆ రోజు చెప్పకుండా మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు చదివితే చాలు.

ఎవరు తింటారమ్మా ఇది?

నేను చేరినప్పుడు మా బ్రాంచికి పెద్ద డేవిడ్ సార్. కోదాడ మనిషి. మిర్యాలగూడ వచ్చి స్థిరపడ్డారు గానీ మాట మాత్రం కోదాడలోనే ఉండిపోయింది. మేమంతా ‘ఉంటది’ అనే చోట ఆయన ‘ఉంటుంది’ అనేవారు. మిల్లుల వాళ్లు ఆయన లేనప్పుడు ఆయన్ని ‘ఉంటుంది సార్’ అనే పిలిచేవాళ్లు.

నేను మొదటి నమూనా పరీక్షించి, వివరాలన్నీ పట్టుకుని గర్వంగా ఆయన ముందు నిలబడ్డాను. ఆయన కళ్లద్దాలు తీసి, “ఎవరు తింటారమ్మా ఇది?” అన్నారు.

నేను రకం పేరు చెప్పాను. తేమ చెప్పాను.

“అవన్నీ సరే. తినేది ఎవరు?”

“బయటివాళ్లు సార్.”

“బయటంటే? గేటు బయటా?”

కిటికీలోంచి గేటు బయటికి చూశాను. ఒక టీ బండి, రెండు లారీలు, ఒక బర్రె ఉన్నాయి. ఈ ముగ్గురిలో నా సరుకు ఎవరికి పోతుందో చెప్పలేకపోయాను. సార్ మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుని, తెలుసుకుని రమ్మన్నారు. ఆ మధ్యాహ్నమంతా మిల్లు ఆఫీసులో కూర్చుని, ఆ సరుకు ఏ దేశం పోతోంది, అక్కడ ఎవరు కొంటారు, ఏం వండుకుంటారు అని అడుగుతూ గడిపాను. మిల్లు వాళ్లు నాకు మతి తప్పిందనుకున్నారు. తర్వాత డేవిడ్ సార్ పంపారని తెలిసి టీ ఇచ్చారు.

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. వండిన నమూనా అన్నం మొదట మిల్లు యజమాని తినాలి, తర్వాతే మేం. ఇది కంపెనీ నియమం కాదు. కంపెనీకి తెలిస్తే ఒప్పుకునేదీ కాదు. కూర ఉండకూడదు, ఉప్పు రెండు రవ్వలు మాత్రం వేసుకోవచ్చు. కూర కలిపితే మనం కూరను పరీక్షించినట్టవుతుందని ఆయన వాదన. అలా మిర్యాలగూడలో ఉన్న సంపన్నులంతా మా ల్యాబులో స్టీలు పళ్లెంలో ఉత్త అన్నం తిన్నారు. ఒకాయన జేబులో మామిడికాయ పచ్చడి పొట్లం తెచ్చుకుని దొరికిపోయాడు కూడా. సార్ పొట్లం స్వాధీనం చేసుకుని, పరీక్ష అయ్యాక తిరిగి ఇచ్చారు. కొంచెం తగ్గించి ఇచ్చారని నా అనుమానం.

నీతి గురించి పెద్ద పుస్తకాలున్నాయని తెలుసు. కొన్ని మొదలుపెట్టాను కూడా. కానీ అమ్మేవాడి ముందు అతను అమ్మే వస్తువునే పళ్లెంలో పెట్టి కూర్చోబెట్టడం కంటే కచ్చితమైన పరికరం నేనింతవరకు చూడలేదు. తేమ కొలిచే మిషను ఒక్కోసారి అబద్ధం చెబుతుంది. ముద్ద నోటి దాకా వెళ్లేటప్పుడు మనిషి ముఖం చెప్పదు.

కాఫీ గారి రాక

మాకు అందరికంటే పెద్ద ఖాతాదారు రామనాథం సేటు. మిల్లు మిర్యాలగూడలో, ఇల్లు సూర్యాపేటలో. మంచి మనిషి. ఈ మాట వ్యంగ్యంగా అనడం లేదు. మునగాల దగ్గర రోడ్డు ప్రమాదం జరిగితే తన కారులో రక్తం మరకలు పడతాయని చూడకుండా ముక్కూమొహం తెలియని మనిషిని దవాఖానకు చేర్చినవాడు. ఆయన గురించి ఇంకా చెప్పబోతున్నాను కాబట్టి ఇది ముందే చెప్పడం న్యాయం.

ఒకసారి ఆయన బియ్యం కొనే కంపెనీ తరఫున ఆఫ్రికా పడమటి తీరం నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. పేరు కోఫీ. సేటు లోపలికి కేక వేసి “కోఫీ గారొచ్చిండ్రు” అని చెప్పిన ప్రతిసారీ లోపలి నుంచి కాఫీ వచ్చింది. ఆయన మర్యాదస్తుడు, ఒక్కటీ కాదనలేదు. తన పేరుకు ఇంత గౌరవం ఇంకే దేశంలోనూ దొరకలేదని మధ్యాహ్నానికి డేవిడ్ సార్‌తో అన్నారు.

ల్యాబులో ఆయన చేసిన ఒక పని నాకిప్పటికీ కళ్ల ముందుంది. గుప్పెడు బియ్యం తీసుకుని, గుప్పిట మూసి, బొటనవేలి సందులోంచి నోటితో వేడిగా ఊది, వెంటనే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. మా అమ్మ చేసేది అదే. మా ఊరు పెద్దవూరలో రేషన్ బియ్యం తెచ్చుకున్న ప్రతిసారీ గుప్పిట పట్టి ఊది, వాసన బాగుంటేనే డబ్బాలో పోసేది. ఇది మీరెక్కడ నేర్చుకున్నారని అడిగాను. మా అమ్మ దగ్గర అన్నారాయన. వాళ్ల అమ్మగారు బియ్యం కొనే ముందు కొట్టువాడి ముఖం ముందే అలా ఊది చూస్తుందట. కొట్టువాడికి అది నచ్చదట. పెద్దవూర రేషన్ డీలరుకూ నచ్చేది కాదు.

అంతవరకు నా దృష్టిలో ‘బయట’ అంటే మ్యాపులో ఒక రంగు. ఆ రోజు నుంచి అక్కడ ఒక ముసలమ్మ గుప్పిట మూసి ఊదుతూ కనబడడం మొదలైంది. ఉద్యోగానికి ఇది కొంచెం ఇబ్బందే. మ్యాపు మీది రంగుకు సంతకం పెట్టడం తేలిక.

వెళ్లేముందు కోఫీ గారు ఒక తెలుగు మాట నేర్పమన్నారు. ‘వీ’ అనే ఇంగ్లీషు మాటకు మీ భాషలో ఏమంటారని. డేవిడ్ సార్ ఇబ్బందిలో పడ్డారు. మాకు రెండున్నాయండీ, ‘మేము’ అంటే మీరు అందులో లేరు, ‘మనం’ అంటే మీరూ ఉన్నారు, ఏది కావాలో మీరే చెప్పండి అని ఇంగ్లీషులో వివరించారు. ఆయన కాసేపు ఆలోచించి రెండోది తీసుకున్నారు. గోడౌన్‌లోకి వెళ్లి, లారీ ఎక్కిస్తున్న హమాలీల ముందు నిలబడి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, “మనం... అన్నం” అన్నారు. ఆయనకు వచ్చిన రెండు మాటలూ అవే.

హమాలీల మేస్త్రి యాదయ్య బస్తా దించి ఆయనకు చెయ్యి కలిపాడు. తర్వాత నా వైపు తిరిగి, “ఇంకో నెల ఈడనే ఉంచున్రి మేడం. మనోడు యూనియన్ల గూడ చేరుతడు” అన్నాడు.

ఒక్కపొద్దుల వారం

డేవిడ్ సార్ రిటైరై కోదాడ వెళ్లిపోయారు. ఆయన కుర్చీ నాకు వచ్చింది. కుర్చీతో పాటు కాలు కుంటే టేబులు, ఆయన ప్రశ్న కూడా వచ్చాయి.

కొన్నాళ్లకు ఒక పంట మీద కోతల వేళ వాన పడింది. నిడమనూరు వైపు కల్లాల్లో ఆరబోసిన వడ్లు తడిసి, కుప్పల్లోనే వేడెక్కాయి. రామనాథం సేటు అవి కొన్నాడు. రైతులు కష్టంలో ఉంటే కొన్నాడు, ఆ మాటా చెప్పాలి. ఆరబెట్టి, మర పట్టించి, రంగు మారిన గింజల్ని ఏరేసే మిషన్లో రెండు విడతలు తిప్పించాడు. ఆ మిషను నిజంగా గొప్పది. బయటికి వచ్చిన బియ్యం పెళ్లికొడుకు పళ్లలా మెరిసిపోతున్నాయి. పసుపు గింజ లేదు. వాసన మాత్రం ఉంది. వాసన ఏరే మిషను ఇంకా రాలేదు.

గుప్పిట పట్టి ఊది చూశాను. ఏళ్ల తరబడి తెరవని బీరువా తెరిచినట్టు ముక్క వాసన. లోపల బూజు పట్టిందన్నమాట. కొన్ని రకాల బూజు గింజలో ఒక విషాన్ని వదులుతుంది. అది నాలుకకు తెలియదు, వండితే పూర్తిగా పోదు. తిన్న రోజు ఏమీ చెయ్యదు. మెల్లగా కాలేయం మీద పని చేస్తుంది, పిల్లల మీద మరీ. కొత్తగా చేరేవాళ్లు దయచేసి ఈ ఒక్కటి గుర్తుంచుకోండి, బియ్యం తెల్లగా ఉండడం వేరు, బాగుండడం వేరు. ఆ విషం ఉందో లేదో తేల్చడానికి నమూనాను హైదరాబాద్ ల్యాబుకు పంపాను.

గోడౌన్‌లో రెండు రాశులు విడివిడిగా వేశారు. అన్నీ ముద్రలేని తెల్ల సంచులే. తేడా తెలియడానికి ఒక రాశి మీద నల్ల మార్కరుతో ‘మ’ అని, రెండో రాశి మీద ‘బ’ అని రాయించాడు సేటు. సూర్యాపేట, కోదాడ దుకాణాలకు పోయే మంచి బియ్యం ‘మ’, అంటే మనోళ్లకు. వానకు తడిసినవి ‘బ’, అంటే బయటికి. ఆయన దాచలేదు. అడగ్గానే చెప్పాడు.

“మనోళ్లకైతే నేనే అమ్మ మేడం. పిల్లలు తింటరు. గిది బయటికే గద.”

“బయట పిల్లలు ఉండరా సేటు గారూ?”

“ఉంటరు, ఎందుకుండరు. గని వాళ్లు మసాలాలు దట్టంగ ఏసి వండుకుంటరట. వాసన తెల్వదు.”

నాకు కోఫీ గారి అమ్మ గుర్తొచ్చింది. వాదన పెట్టుకోకుండా పాత పద్ధతికి వెళ్లాను. అన్నం వండించాను, రండి తిందాం అన్నాను. ఆయన చేతులు జోడించి, ఈరోజు సోమవారం, శివుడికి ఒక్కపొద్దు అన్నాడు. మంగళవారం వండాను, ఆంజనేయస్వామికి ఒక్కపొద్దు. బుధవారం ఎవరిదో ఆయనకు వెంటనే తట్టలేదు. కాస్త ఆలోచించి, కడుపులో బాగాలేదు అన్నాడు. గురువారం మళ్లీ దేవుడు ఆదుకున్నాడు. శుక్ర, శనివారాలకు ఎలాగూ కొరత లేదు. ఆ వారం రామనాథం సేటు అంతటి భక్తుడు ఉమ్మడి నల్గొండ జిల్లా మొత్తంలో లేడు.

ఈలోగా హైదరాబాద్ నుంచి మా పై అధికారి ఫోను. పెద్ద ఖాతాదారు పోతే బ్రాంచి నడవదని, ప్రాక్టికల్‌గా ఉండాలని. ఎట్లాగూ ఆ దేశం పోర్టులో వాళ్ల మనుషులు చూసుకుంటారు కదమ్మా అని.

ఈ చివరి మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. ‘నా తర్వాత ఇంకెవరో చూస్తారు.’ నా ఉద్యోగ జీవితంలో విన్నవాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. తిట్టు కాదు, అబద్ధం కాదు, ఎంతో సౌమ్యంగా ఉంటుంది. రైతు మిల్లు చూసుకుంటుందనుకుంటాడు. మిల్లు మేం చూసుకుంటాం అనుకుంటుంది. మేం పోర్టు అనుకుంటాం. పోర్టువాడు మా సంతకం చూసి, ముందే ఎవరో చూశారు కదా అనుకుంటాడు. అందరూ నమ్మకస్తులే. చివరికి నిజంగా చూసేది తినేవాడి కాలేయం ఒక్కటే.

నేను సంతకం పెట్టలేదు. ఇందులో ధైర్యమేమీ లేదు, రిపోర్టు రాలేదని చెప్పడానికి వీలుంది కాబట్టి చెప్పాను. శనివారం సాయంత్రం సేటు వచ్చాడు. సోమవారం లారీలు కదలాల్సిందేనట. నేను కాదంటే ఇంకో కంపెనీ వాళ్లను పిలిపిస్తాడట. వాళ్లు తొందరగా పని చేస్తారట. ఎంత తొందరగా చేస్తారో నాకూ తెలుసు.

గుమ్మం దాటబోయి వెనక్కి తిరిగాడు. “రేపు మా మనుమనిది అన్నప్రాసన. సూర్యాపేటల ఇంటికాడనే. డేవిడ్ సార్‌కు గూడ చెప్పిన. కోపాలు కోపాలే మేడం, భోజనం భోజనమే. తప్పకుంట రావాలె.”

బాబు బియ్యం

ఆదివారం పొద్దున సూర్యాపేటలో సేటు ఇంటి ముందు షామియానా. డేవిడ్ సార్ కోదాడ బస్సు దిగి, ఇస్త్రీ చొక్కాతో వచ్చారు. పక్కపక్కనే కూర్చున్నాం. ఆయనకు సంగతంతా చెప్పాను. సోమవారం లారీలు వెళ్లిపోతాయని, ఇక నా చేతిలో ఏమీ లేదని కూడా చెప్పాను. ఆయన మజ్జిగ తాగారు.

బాబును పట్టుపంచె చుట్టి పీట మీద కూర్చోబెట్టారు. కూర్చోవడం అప్పుడే నేర్చుకున్నవాడు కాబట్టి ప్రతి రెండు నిమిషాలకూ ఒక పక్కకు ఒరుగుతున్నాడు. సేటు తల్లి, వీధి వీధంతా పెద్దమ్మ అని పిలిచే మనిషి, వెండి గిన్నెలో పాయసం పట్టుకుని, అందులో బంగారు ఉంగరం ముంచి సిద్ధంగా ఉంది. ఇవతల వంటవాళ్లు భోజనాల కోసం పెద్ద గుండిగ మూత తీశారు. ఆవిరి గాలికి మా వైపు వచ్చింది.

ఏళ్ల తరబడి తెరవని బీరువా.

నేను డేవిడ్ సార్ వైపు తిరిగాను. ఆయన ముక్కు నాకంటే ముందే తిరిగింది. గ్లాసు కింద పెట్టి, నా చెవి దగ్గరికి వంగి, మెల్లగా అడిగారు.

“ఎవరు తింటారమ్మా ఇది?”

లేచి వెళ్లి గుండిగలోంచి గరిటెడు అన్నం పళ్లెంలో పెట్టుకుని సేటు దగ్గరికి వెళ్లాను. నలుగురిలో ఏమని చెప్పాలో తోచలేదు. “సేటు గారూ, ఇయ్యాల ఒక్కపొద్దేం లేదు కదా?” అన్నాను.

“లేదు మేడం” అన్నాడు నవ్వుతూ. పళ్లెం ముఖం దగ్గరికి తీసుకున్నాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. ముద్ద నోటి దాకా పోకుండానే ముఖం చెప్పేసింది.

గుమస్తా శ్రీనును పిలిచాడు. కోదాడ మనిషి, కొత్తగా చేరాడు.

“ఏ బస్తాలు తెచ్చినవ్?”

“మీరు చెప్పినవేనండి. బాబు ఫంక్షన్‌కి బియ్యం పంపించమన్నారు కదా. గోడౌన్‌లో చూస్తే బాబు పేరు రాయించే పెట్టారు.”

“బాబు పేరా?”

“బ అని ఉందిగా అండి. బాబుకి.”

ఉంగరం పాయసంలోంచి పైకి లేచి బాబు పెదవుల దగ్గరికి వెళుతోంది. అవే బియ్యంతో, యాలకులు, నెయ్యి, జీడిపప్పు దండిగా వేసి వండిన పాయసం. వాసన ఎవరికీ తెలియదు. సేటు చెప్పినట్టే తెలియదు. ఆ మనిషి, ఆ శరీరంతో, ఆ పట్టుబట్టలతో, కుర్చీల మధ్య నుంచి అంత వేగంగా పరుగెత్తగలడని నేనెప్పుడూ అనుకోలేదు. తల్లి చెయ్యి పట్టుకుని ఆపాడు.

“ఏమైందిరా? మూర్తం దాటుతది” అంది పెద్దమ్మ.

“వద్దమ్మా. గవి మనయి కావు.”

పెద్దమ్మ గిన్నెలోకి చూసింది, కొడుకును చూసింది. ఆమెకు అర్థం కాలేదు. కోపం కాదు, ఎత్తిపొడుపు కాదు, తెలుసుకుందామని మామూలుగా అడిగింది.

“మరెవలయిరా?”

రామనాథం సేటు ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని పీటకు దూరంగా పెట్టాడు.

“ఎవలయైతేంది” అంది పెద్దమ్మ చివరికి. “పోరనికి పెట్టేటియి కాకుంటే అవుతల పడెయ్యి. పైన టీచరమ్మ కుక్కర్ల అన్నం ఉన్నదేమో అడుగున్రి.”

మేడ మీద అద్దెకుండే టీచరమ్మ కుక్కరు అప్పుడే దించిందట. రేషన్ బియ్యం. గిన్నెడు తెచ్చి, వేడి పాలు, బెల్లం వేసి మెదిపారు. ముహూర్తం దాటకముందే, ఉమ్మడి జిల్లాలో పెద్ద మిల్లుల్లో ఒకటైన మిల్లు వారసుడు తన మొదటి అన్నం రేషన్ బియ్యంతో తిన్నాడు. నాణ్యత మీద అభ్యంతరమేమీ చెప్పలేదు. ఉంగరం మింగబోయాడు, అంతే.

వంటవాళ్లకు మొదట్లోనే వాసన అనుమానంగా తోచిందట. మిల్లు వాళ్లకు బియ్యం గురించి మనం చెప్పేదేమిటి, వాళ్లు చూసే పంపి ఉంటారు అని ఊరుకున్నారట. పైన రాసిన ప్రమాదకరమైన మాట ఎంత దూరం ప్రయాణిస్తుందో చూడండి.

భోజనాలకు పూరీలు, గారెలు, బొబ్బట్లు వడ్డించారు. అన్నప్రాసనలో అన్నం లేకపోవడం బంధువుల్లో కొంత చర్చకు దారితీసింది. పట్నంలో ఇప్పుడిదే ఫ్యాషనని డేవిడ్ సార్ గంభీరంగా చెప్పారు. నలుగురు నమ్మారు కూడా.

అన్నీ అవే

సోమవారం పొద్దున మిల్లుకు వెళ్లాను. ఇంకో కంపెనీ మనుషులు వచ్చి ఉంటారనుకున్నాను. ఎవరూ లేరు. సేటు ‘బ’ రాశి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“వాళ్లను రావద్దన్న. మా అమ్మ అడిగినదానికి ఇంకా జవాబు దొరకలే మేడం” అన్నాడు.

ఆ బియ్యం ఏం చేయాలన్నది సమస్య. పశువుల దాణాకు ఇచ్చేద్దామా అన్నాడు. ఆ విషం పాలల్లోకి వస్తుందని చెప్పాను. “బర్రెలు గూడ మనయేనా?” అన్నాడు నీరసంగా. పాలు తాగేది ఎవరు సేటు గారూ అన్నాను. చివరికి ఆ సరుకంతా ఇథనాల్ ఫ్యాక్టరీకి పోయింది. అక్కడ పెట్రోల్లో కలిపే స్పిరిట్ తీస్తారు. హైవే మీద పోయే మోటారు సైకిళ్లు ముక్క వాసన గురించి ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు. హైదరాబాద్ రిపోర్టు అన్నీ అయిపోయాక తీరిగ్గా వచ్చింది. ఆ సరుకు మనుషులు తినకూడదనే అందులో ఉంది.

ఒకటి ఒప్పుకోవాలి. సేటు ఆగింది సముద్రం అవతలి పిల్లల కోసం కాదు, తన మనవడి కోసం. మొదట్లో ఇది నాకు కొంచెం చప్పగా అనిపించేది. ప్రపంచ నీతి అంటే ఇంకా ఎత్తులో ఎక్కడో మొదలవుతుందని అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనిపించడం లేదు. అందరం ఇంట్లోంచే మొదలుపెడతాం, ఇంకో చోటు లేదు. ఎదురుగా ఉన్న పిల్లవాడి నోటి దగ్గర ఆగిన చెయ్యి, కనబడని పిల్లవాడి నోటి దగ్గర కూడా ఆగాలి. రెండో పిల్లవాడు కనబడడు కాబట్టే అది కష్టం. మన ఉద్యోగం ఉన్నది ఆ పిల్లవాణ్ణి కొంచెం కనబడేలా చేయడానికే. గొట్టం, మిషను, సంతకం అన్నీ అందుకే.

ఓడ ఆర్డరు మాత్రం అలాగే ఉంది. దుకాణాలకని ఉంచిన మంచి బియ్యంలోంచే పంపాలని సేటు నిర్ణయించాడు. దుకాణాలకు చాలనిది కొత్తగా మర పట్టించడానికి వారం పట్టింది. నేను రెండింటి నమూనాలూ తీసి, వండడానికి పంపాను. యాదయ్య మార్కరు పట్టుకుని నిలబడ్డాడు.

“కొత్త సంచులకు ఏం రాయాలె సేటూ?”

“మ రాయి.”

“ఓడకు పొయ్యేటియి?”

“అవి గూడ మ రాయి. అన్నిటికి మ రాయి.”

యాదయ్య రాసుకుంటూ పోయాడు. మధ్యాహ్నానికి గోడౌన్ నిండా ఒకటే అక్షరం. అప్పుడే గేటులోంచి రెండు లారీలు వచ్చాయి, ఒకటి కోదాడ దుకాణాలకు, ఒకటి కాకినాడ పోర్టుకు. యాదయ్య ఆ రాశుల మధ్య నిలబడి తల గోక్కున్నాడు.

“అన్నీ మనయే అంటివి. ఇగ ఏ లారీకి ఏ బస్తా ఎక్కియ్యాలె?”

“ఏదన్న ఎక్కియ్యి” అన్నాడు సేటు. తర్వాత నా వైపు తిరిగి, “అన్నం ఉడికిందా మేడం? ఆకలైతున్నది” అని, ల్యాబులోకి వచ్చి, తన స్టీలు పళ్లెం తనే కడుక్కుని కూర్చున్నాడు.

ఆ రోజు సోమవారం.